కేకాసురుడి కోటలో నాంచారి మోట

మణిగిరి రాజ్యంలో వానలు వేళకు కురిసేవి, చేలు విరగపండేవి, రాజు ధీరసేనుడు కూడా చెడ్డవాడేమీ కాదు. అయినా పౌర్ణమి వస్తోందంటే చాలు, ఆ రాజ్యంలో ప్రతి తల్లీ ప్రాణాలు అరచేత పట్టుకునేది. ఎందుకంటే ఆ దేశంలో గోటి పరీక్ష జరిగేది పౌర్ణమి రోజునే.

ఆ వింతేమిటో చెబుతాను, వినండి. అక్కడ తోటిపిల్లల్ని కొట్టీ కరిచీ తిరిగే పిల్లలకు వేలి చివర ఒక గోరు నల్లగా, కొక్కెంలా మొలిచేది. ముందు ఒకటి, తర్వాత రెండు, ఆ తర్వాత వీపు మీద నూగు, ఆపైన నోట్లో కోరలు. ఎందుకు మొలుస్తాయో పండితులకు అంతుపట్టలేదు. అంతుపట్టలేదని ఒప్పుకోవడానికి మనసొప్పక, వాళ్ళు రాజుకొక సలహా చెప్పారు. గోరు మొలిచిన పిల్లలందర్నీ ఏరి, అడవి అవతల కోరలకోటలో ఒకేచోట పెడితే మంచిపిల్లలు పాడవకుండా ఉంటారన్నారు. రాజు సరేనన్నాడు. అప్పటినుంచి పౌర్ణమి పౌర్ణమికి భటులు ఇంటింటికీ వచ్చి పిల్లల చేతులు చాపించి చూసేవారు. గోరు కనబడితే బండి ఎక్కించేవారు. వెళ్ళిన పిల్లల్లో ఒక్కరూ తిరిగి రాలేదు. వచ్చినవల్లా పులులూ తోడేళ్ళూ. అవి అడవి దాటి వచ్చి మందల మీద పడేవి, ఇళ్ళ ముందు గర్జించేవి. అవి ఒకప్పుడు తమ పిల్లలేనని జనానికి తెలుసు. తెలిసీ తలుపులు వేసుకునేవారు.

ఏరువాడ అనే ఊళ్ళో పెద్దసామి అనే రైతు ఉండేవాడు. కొత్త కోడెలకు కాడి అలవాటు చేయడం అతని పని. అతని కూతురు నాంచారికి పద్నాలుగేళ్ళు, కొడుకు సింగన్నకు ఎనిమిదేళ్ళు. సింగన్న నాలుగేళ్ళప్పుడు మేనమామ చెవి కొరికితే ఇల్లంతా పడీపడీ నవ్వింది. "మా పులిరా వీడు!" అని బుగ్గలు పుణికింది. ఆ వారమే వాడి చిటికెన వేలికి గోరు మొలిచింది. తల్లి గుట్టుగా కత్తిరించేసింది. ఆ తర్వాత వాడికి నలుగురు పెద్దపిల్లలు స్నేహితులయ్యారు. వీడు ఎవర్నైనా ఒక్కటి వేస్తే వాళ్ళు చప్పట్లు కొట్టేవారు, రెండు వేస్తే భుజాన ఎత్తుకునేవారు. గోళ్ళు మొలుస్తూనే ఉన్నాయి, తల్లి కత్తిరిస్తూనే ఉంది.

ఒక పౌర్ణమి ఉదయం సింగన్న రాయి విసిరి సాలెవారి పిల్లవాడి నుదురు పగలగొట్టాడు. నాంచారికి ఒళ్ళు మండిపోయింది. భటులు వచ్చి వాడి చేతులు చూసి, శుభ్రంగా ఉన్నాయని వెళ్ళబోతుంటే, ఆ పిల్ల నోరు ఆగలేదు.

"చేతులు కాదయ్యా, కాళ్ళు చూడండి," అంది.

తల్లి కత్తిరించని కాలి వేళ్ళకు అయిదు నల్లటి కొక్కెం గోళ్ళు ఉన్నాయి. వాణ్ణి బండి ఎక్కించారు. ఎవరూ తిరిగి రాలేదని తెలిసినా, ఆ కోపంలో, వీణ్ణి రెండు రోజులు భయపెట్టి పంపేస్తారనుకుంది నాంచారి. బండిలోంచి వాడు ఏడవలేదు, అరవలేదు, అక్కనే చూస్తూ వెళ్ళిపోయాడు. తల్లి నాంచారిని ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే ఆ పిల్లకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఆరు పౌర్ణములు గడిచాయి. ఏడో పౌర్ణమి దాటితే పిల్ల పూర్తిగా మృగమవుతుందని ఊళ్ళో చెప్పుకునేవారు. ఒకరోజు నాంచారి సద్దిమూట కట్టుకుని, పశువుల కొట్టంలోంచి ముసలి ఎద్దు ధర్మన్నను విప్పింది.

"కత్తయినా పట్టుకెళ్ళవే," అన్నాడు తండ్రి. ఆపినా ఆగదని ఆయనకు తెలుసు.

"ఆ పిల్లల కోసం కత్తులు పట్టుకెళ్ళిన వీరులంతా తిరిగొచ్చారు కదా నాన్నా, పరుగెత్తుకుంటూ. నాకు ధర్మన్న చాలు."

అడవిలోకి పోతే చెట్ల తలలు కనిపించవు. అంత ఎత్తు. ఆకుల మధ్య నుంచి పడే ఎండ నేల మీద బంగారు మచ్చలై కదులుతోంది. ఆ మచ్చల నడుమ మెడదాకా పుట్ట పెరిగిన ఒక ముని కూర్చుని ఉన్నాడు. ఆయన పేరు నిదానముని. నాంచారి ఉదయం నమస్కారం పెడితే, ఆయన మధ్యాహ్నానికి ఒక కన్ను తెరిచాడు.

"ఎవరమ్మా..." అని ఆగాడు. ఒక పిట్ట వచ్చి ఆయన తల మీద వాలి, రెండు పాటలు పాడి ఎగిరిపోయింది. "...నువ్వు?" అని పూర్తిచేశాడు.

నాంచారి పేరు చెప్పి, తమ్ముడి సంగతి చెప్పి, జవాబు కోసం ఎద్దు పక్కన కూర్చుంది. తొందర పెట్టలేదు. కోడెల దగ్గర పెరిగిన పిల్లకు కాచుకోవడం కొత్త కాదు.

"నేను మాట ముగించేదాకా ఉన్నదానివి నువ్వే," అన్నాడు ముని. "వీరులందరూ 'ఎవరయ్యా' దగ్గరే వెళ్ళిపోయారు. విను. గోరు కోపానికి మొలవదు. కోపం అందరికీ వస్తుంది. నాకూ వస్తుంది, కాకపోతే రావడానికే ఏడాది పడుతుంది. కొట్టినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు భళా అని కేక పెడతారు చూడు, ఆ కేకకు మొలుస్తుంది. ఆ కేకలు తిని బతికేవాడు కోరలకోట మీద కూర్చున్నాడు. వాడి పేరు కేకాసురుడు."

నాంచారికి అప్పుడర్థమైంది. చెడ్డపిల్లలందర్నీ ఒకచోట చేర్చి, రాజు ఆ రాక్షసుడికి వడ్డించిన విస్తరి పెట్టాడన్నమాట!

"కోరలు పీకితే పోతాయా స్వామీ?"

"పోవు. కేక ఆగితే వాటంతటవే రాలతాయి. తొందరగా వెళితే సులువు. ఏడో పౌర్ణమి దాటితే గోరు ఎముకలో కలిసిపోతుంది."

"ఇంకెన్ని రోజులుంది?"

ముని పుట్టలోనే వేళ్ళ మీద లెక్కపెట్టాడు. లెక్క పూర్తయ్యేసరికి ఒక రోజు గడిచిపోయింది. "పన్నెండు," అని, ఎండవైపు చూసి, "కాదు, పదకొండు," అన్నాడు.

అడవి దాటగానే ఎర్రటి నది అడ్డం వచ్చింది. గాలి లేదు, అల లేదు, నీళ్ళు అద్దంలా నిలిచి ఉన్నాయి. ఒడ్డున ఒక పులి. దాని వీపు ధర్మన్న మూపురమంత ఎత్తుంది. అది గుర్రుమంది. నాంచారి భయంతో, "పో! పోతావా లేదా!" అని గొంతు చించుకుని అరిచింది. అంతే, నది తాటిచెట్టంత ఎత్తున లేచి నిలబడింది. నీటి గోడలో చేపలు కళ్ళప్పగించి చూస్తున్నాయి. ధర్మన్న మాత్రం కదలలేదు, నెమరు వేస్తూనే ఉంది. దాని మీద చెయ్యివేసి నాంచారి ఊపిరి తీసుకుంది. నది మెల్లగా కిందికి దిగింది.

"నెమ్మదిగా మాట్లాడమ్మా," అంది పులి, మనిషి గొంతుతో. "ఈ నదికి అరుపు పడదు. నా పేరు ఓబులేశు. మాది కుంకుళ్ళపాలెం. తొమ్మిదేళ్ళప్పుడు నన్ను బండి ఎక్కించారు. ముప్పై ఏళ్ళయింది. మా అమ్మ ఎలా ఉందో నీకేమైనా తెలుసా?"

"తెలియదు మామా," అంది నాంచారి. ఏం పిలవాలో తోచక ఆ మాట వచ్చింది. ఆ పిలుపుకే పులి కళ్ళలో నీళ్ళు నిండాయి.

"నాకోసం ఏడో పౌర్ణమిలోపు ఎవరూ రాలేదు. నువ్వు ఆలస్యం చెయ్యకు. ఎక్కు నా వీపు మీద."

పులి ఈదింది, ఎద్దు దాని పక్కనే ఈదింది. చప్పుడు చెయ్యకుండా ముగ్గురూ ఆ ఎర్రటి అద్దం మీద అవతలికి చేరారు.

కోరలకోటను చూసి నాంచారి నిలుచున్నచోటే నిలిచిపోయింది. కోటకు తలుపులే లేవు. గోడలు ఆకాశంలోకి పోయాయి. ఆ గోడల మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు కేకాసురుడు. అతని మోకాళ్ళ దగ్గర గద్దలు తిరుగుతున్నాయి, తల మబ్బుల్లో ఉంది. కింద మైదానంలో నలభైమంది పిల్లలు గుండ్రంగా నిలబడి ఉన్నారు. వాళ్ళలోనే ఇద్దరు నడుమ కలబడుతున్నారు. దెబ్బ పడ్డప్పుడల్లా "భళా!" అని కేక లేస్తోంది. ఆ కేక నీలం పొగై పైకి సాగి రాక్షసుడి నోట్లోకి పోతోంది. అది మింగిన ప్రతిసారీ అతను జానెడు పెరుగుతున్నాడు. కొట్టినవాడి గోరు కూడా అంతే పెరుగుతోంది.

నడుమ కొడుతున్నవాడు సింగన్న. వీపంతా చారల బొచ్చు, పెదవి దాటిన కోరలు. కళ్ళు మాత్రం అమ్మ కళ్ళే.

"ఒరే సింగా!" అంటూ నాంచారి గుంపును తోసుకుని వెళ్ళింది. "సిగ్గు లేదురా నీకు? అక్కడ అమ్మ తిండి మానేసింది. నడు ఇంటికి!"

"అక్కొచ్చిందిరోయ్! పో, పాలు తాగు పో!" అని మిగతావాళ్ళందరూ పకపకా నవ్వారు. సింగన్న ముఖం ఎర్రబడింది. అక్క వైపు పంజా విసిరాడు. ఓణీ చిరిగింది. "భళా సింగా!" అని కోట దద్దరిల్లింది. నాంచారి కళ్ళెదుటే వాడి గోళ్ళు అంగుళం పెరిగాయి.

మబ్బుల్లోంచి ఉరిమినట్టు నవ్వు వినిపించింది. "తీసుకుపో పిల్లా! నేను తాళం వెయ్యలేదు, తలుపూ పెట్టలేదు. వస్తే తీసుకుపో!"

నాంచారి కోట వెనక ఒక పాత మోటబావి దగ్గర కూలబడి ఏడ్చింది. అందరి ముందూ తిట్టి తనే వాడికి గోళ్ళు పెంచింది. ధర్మన్న దాహంతో బావిలోకి చూసి ముట్టెతో ఆమె భుజం పొడిచింది. దాన్ని చూస్తుంటే నాన్న పని కళ్ళ ముందు కదిలింది. ఆయన రెండు కొత్త కోడెలను ఎన్నడూ ఒకే కాడికి కట్టలేదు. కడితే ఒకదాన్ని చూసి ఒకటి బెదిరి, కాడి విరుచుకుని చెరో దిక్కుకీ పోతాయి. కొత్త కోడె పక్కన ఎప్పుడూ ధర్మన్నే. తిట్టేది కాదు, పొడిచేది కాదు, తన నడక తను నడిచేది. నెల తిరిగేసరికి కోడె కూడా అలాగే నడిచేది. ఇక్కడ రాజు నలభై కొత్త కోడెలను ఒక్క కాడికి కట్టాడు మరి!

నాంచారి లేచి కళ్ళు తుడుచుకుంది. బావి పక్కన పడి ఉన్న పాత కాడిని ధర్మన్న మెడకెత్తి, అక్కడే ఉన్న చిన్న తోలుతిత్తిని తాడుకు కట్టి, తాడును ఆ కాడికి తగిలించింది. ధర్మన్న ఏటవాలు బాటలో దిగుతుంటే తిత్తి నిండా నీళ్ళు పైకి వచ్చాయి. మోట తోలేవాళ్ళు బిగుసుకున్న తాడు మీద కూర్చుని జారుతూ కిందికి పోవడం మీరు చూశారో లేదో, అంత సరదా ఇంకొకటి లేదు. ఆ సరదా చూసి ఒక చిన్నపిల్ల గోడ చాటునుంచి తొంగిచూసింది. అయిదేళ్ళుంటాయి. పేరు బంగారి. ఒకే ఒక్క గోరు మొలిచింది, అదీ ఇంకా మెత్తగానే ఉంది.

"నేనూ కూచోనా?" అంది.

"రా. తాడు గట్టిగా పట్టుకోవాలి. ధర్మన్నను అదిలించకూడదు."

సాయంత్రం దాకా బంగారి తాడు మీద ఊరేగింది. ఎవర్నీ కొట్టలేదు, కొట్టాలని గుర్తూ రాలేదు. పొద్దువాలేవేళ దాని గోరు టప్పున రాలి రాతి మీద పడింది. పైన కేకాసురుడు ఉలిక్కిపడి మోకాలు తడుముకున్నాడు.

మర్నాడు మరొక్క పిల్లవాడినే రానిచ్చింది నాంచారి. వాణ్ణి బంగారి పక్కన కూర్చోబెట్టింది. వాడు రాగానే బంగారిని గిల్లి, ఎవరు మెచ్చుకుంటారా అని చుట్టూ చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. తిత్తి బావిలోకి దిగుతూనే ఉంది.

"దిగు నాయనా. ఈ పూటకి నీ వంతు అయిపోయింది. మధ్యాహ్నం రా," అంది నాంచారి, గొంతు పెంచకుండా.

వాడు మధ్యాహ్నం వచ్చాడు. ఈసారి గిల్లలేదు. మూడో రోజున ఆ ఇద్దరి పక్కనా చెరొకర్ని కూర్చోబెట్టింది. గోరు రాలిన ప్రతి పిల్లా గోరున్న మరో పిల్లకు జతయింది. ఒకరు మోట, ఒకరు కాలువ, ఒకరు బావిగట్టు మీద పాదుల పని. రోజంతా ఒకటే చప్పుడు, టప్, టప్ మని గోళ్ళు రాలుతున్న చప్పుడు.

మరి సింగన్న? వాడి కోరలు రోజురోజుకీ పొడుగవుతున్నాయి. పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టి లాక్కొచ్చేయాలని నాంచారికి ప్రతి ఉదయమూ అనిపించేది. కానీ గుంపు నడుమ ఉన్నవాణ్ణి లాగితే గుంపు కేక వేస్తుంది. ముందు గుంపును కరిగించాలి. అది తెలిసీ, కన్నీళ్ళు మింగి, పరాయిపిల్లల వంతులు చూస్తూ కూర్చోవడం ఆ పిల్ల చేసిన అన్ని సాహసాల్లోకీ పెద్దది.

గుండ్రం చిన్నదవుతూ వచ్చింది. కేకాసురుడి తల మబ్బుల్లోంచి బయటపడింది. తర్వాత గోడ ఎత్తుకు వచ్చాడు, తర్వాత తాటిచెట్టంత, ఆ తర్వాత మనిషంత. తొమ్మిదో రోజున తనే మైదానంలోకి దిగి, మిగిలిన అయిదుగురి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. పదకొండో రోజు మధ్యాహ్నానికి మైదానంలో సింగన్న ఒక్కడే మిగిలాడు. ఆ సాయంత్రం చంద్రుడు పైకి వచ్చేలోపు ఏమైనా జరగాలి.

సింగన్న బావి దగ్గరకు వచ్చాడు. పూర్తి పులిలా, ఒంగి, నాలుగు కాళ్ళ మీద. వాడి భుజం మీద ఉడతంత కేకాసురుడు. "కొట్టరా! నిన్ను పట్టించింది ఇదే! కొట్టరా, భళా!" అని కీచుమంటున్నాడు.

నాంచారి తాడు మీదనుంచి దిగింది.

"వాడు నిజమే చెబుతున్నాడురా. నిన్ను పట్టించింది నేనే," అంది.

"తెలుసు," అన్నాడు సింగన్న. ఆరు నెలలుగా మాటలాడని గొంతు. పంజా లేచింది. నాంచారి పక్కకు తప్పుకోలేదు. భుజం మీద నాలుగు గాట్లు పడి రక్తం కారింది.

ముప్పైతొమ్మిది గొంతులు దురదపెట్టాయి. ఎన్నాళ్ళ అలవాటో! కానీ ఏ ఒక్కరూ నోరు తెరవలేదు. ధర్మన్న నెమరు చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. బంగారి చిన్న ముంతతో నీళ్ళు తెచ్చి నాంచారి గాయం మీద పోసింది. "భళా!" అన్నాడు కేకాసురుడు ఒంటరిగా. తన కేకకు తానే వణికి, కీచురాయంత అయిపోయి గడ్డిలోకి దూకాడు.

సింగన్న తన గోళ్ళ మీది రక్తాన్ని చూశాడు. చుట్టూ చూశాడు. మెచ్చుకునేవాళ్ళు లేరు, వెక్కిరించేవాళ్ళూ లేరు.

"నువ్వు రాయి విసిరావని చెప్పడం తప్పు కాదురా," అంది నాంచారి. "నిన్ను ఒంటరిగా ఆ బండిలో పంపడం తప్పు. నీతో నేనూ ఎక్కాల్సింది. నాలుగేళ్ళప్పుడు నువ్వు కొరికినప్పుడు నేనూ నవ్వాను. అదీ తప్పే."

వాడు ఏడ్చాడు. బండిలో ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చాడు. కన్నీళ్ళతోపాటు కోరలు రాలాయి, బొచ్చు రాలింది, గోళ్ళు గలగలా రాతి మీద పడ్డాయి. కొండ మీద నిండు చంద్రుడు వచ్చేసరికి అక్కడ ఎనిమిదేళ్ళ పిల్లవాడు వెక్కుతూ అక్క ఒళ్ళో ఉన్నాడు. వాళ్ళ వెనక ఆకాశమెత్తు కోటగోడలు ఇసుకలా జారి నేలలో కలిసిపోయాయి.

తిరుగుదారిలో పిల్లలు ఓబులేశు చుట్టూ చేరారు. మూడు రోజులు అతని పక్కనే నడిచారు, పక్కనే పడుకున్నారు. మూడో రోజున ముప్పై ఏళ్ళ గోరొకటి కదిలింది. ఎముకలో కలిసిందే, అయినా కదిలింది. మునికి ఈ సంగతి తెలియడానికి ఇంకో ఏడాది పడుతుందేమో!

ధీరసేనుడు నగరద్వారం దాకా ఎదురు వచ్చాడు. నాంచారి చెప్పినదంతా విని, కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తప్పు మాది తల్లీ. ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"బండ్లు ఆపించండి మహారాజా. తొలి గోరు కనిపించిన పిల్లను మా బావి దగ్గరకు పంపండి, అదీ ఒక నెమ్మదస్తుడైన జతగాడితో కలిపి. చుట్టూ నిలబడి చూసేవాళ్ళను నోరు మూసుకోమని చాటింపు వేయించండి. అడవిలో ఉన్నవాళ్ళను కూడా ఒక్కొక్కరినే పిలుద్దాం."

రాజు ఆ చాటింపు వేయించాడు. అడవి అవతలి కొండసీమకు నాంచారిని పాలకురాలిని చేశాడు. పద్నాలుగేళ్ళ పిల్ల రాజ్యమేలడమేమిటని పండితులు గొణిగారు గానీ, ఈసారి రాజు వాళ్ళ మాట వినలేదు.

సీమకు వెళ్ళేముందు అక్కాతమ్ముళ్ళు ఏరువాడ వచ్చారు. తల్లి వాడి గోళ్ళు చూడలేదు, ముఖం చూసింది, అన్నం కలిపి పెట్టింది. సాయంత్రం వీధిలో ఆ నలుగురు స్నేహితులూ ఎదురయ్యారు. "వచ్చావా పులీ! ఏదీ, ఒక్క దెబ్బ చూపించు," అని సాలెవారి పిల్లవాణ్ణి వాడి మీదికి తోశారు. తూలిన ఆ పిల్లవాడు సింగన్న కాలు తొక్కాడు. సింగన్న పిడికిలి బిగిసింది. నలుగురూ చప్పట్లకు చేతులెత్తారు. గుమ్మంలో కూర్చుని చూస్తున్న నాంచారి వాణ్ణి పిలవలేదు.

సింగన్న బిగించిన పిడికిలి అలాగే పట్టుకుని, వీధి దాటి, గబగబా ఆమె దగ్గరకు వచ్చాడు.

"అక్కా, కోపం వస్తోంది," అన్నాడు.

పుట్టి ఎనిమిదేళ్ళకు, కొట్టకముందు వాడు ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. నాంచారి జరిగి, గుమ్మంలో చోటిచ్చింది.

"నాకూ వస్తోందిరా. కూచో," అంది.